1974లో ఏ టీకా వేశారు?

2023 ఫిబ్రవరి 20. ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు రోడ్డంతా జనం. లోపల నటుడు తారకరత్న పార్థివదేహం. జనవరి 27న కుప్పంలో టీడీపీ నేత లోకేశ్ పాదయాత్ర మొదలైన రోజే కూలిపోయి, బెంగళూరు ఆసుపత్రిలో మూడు వారాలకు పైగా మృత్యువుతో పెనుగులాడి, శివరాత్రి నాడు కన్నుమూశారు. ఇంకో నాలుగు రోజులు గడిస్తే నలభై నిండేవి.

లోపలికి వెళ్ళేంత పరిచయం నాకు లేదు. అలాగని ఇంట్లో కూర్చోలేను. పాతికేళ్ళు సినిమా వార్తలు దిద్ది బతికినవాణ్ణి. సందు మొదట్లో టీ బండి దగ్గర నిలబడ్డాను. పక్కనే ఇద్దరు, మేకప్ విభాగంవాళ్ళలా ఉన్నారు, ఒకే సిగరెట్టు పంచుకుంటున్నారు.

"అంతా ఆ సూదుల వల్లే బ్రదర్. కరోనా సూదులు పడ్డాకే ఈ చావులు."

"సూది కాదన్నా, జిమ్ము. పునీత్ రాజ్‌కుమార్ ఎక్కడ పోయాడు? జిమ్ము నుంచి వచ్చాకేగా? గౌతమ్‌రెడ్డి గారు ఎంత ఫిట్టుగా ఉండేవారు!"

టీ వడపోస్తున్న ఆయన తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "మా తాత గిన్నెడు నెయ్యి తాగేవాడు సార్. తొంభై ఏళ్ళు బతికాడు. అప్పుడు ఈ రోగాలెక్కడివి?"

సిగరెట్టు చేతులు మారింది.

ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు గానీ ముగ్గురి నమ్మకం ఒకటే: ఇది కొత్త చావు, కొత్తదేదో తెచ్చిపెట్టిన చావు. ఆ నమ్మకం టీ బండి దగ్గర ఆగలేదు. టీవీ చర్చల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, కేబీఆర్ పార్కు గేటు దగ్గర రాగిజావ తాగే పెద్దమనుషుల నోట ఇప్పటికీ అదే మాట. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, చావు కబురు రాగానే కారణం కట్టేస్తున్నారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పు కావడమే కాదు, దానివల్ల మనుషులు చస్తున్నారు కూడా.

ముందు పాత డైరీ తీద్దాం. 1974. చిత్రసీమ ఇంకా మద్రాసులోనే ఉంది. ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. వయసు 51. అంతకు రెండేళ్ళ ముందే రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. చక్కెర జబ్బూ ఉంది. అదే ఫిబ్రవరిలో ఎస్వీ రంగారావుకు హైదరాబాద్‌లో గుండెపోటు వచ్చింది. ఉస్మానియాలో వైద్యం చేసి పంపారు. జులై 18న మద్రాసులో రెండోసారి వచ్చి తీసుకుపోయింది. వయసు 56. అదే ఏడాది, యాభై ఏళ్ళ అక్కినేని నాగేశ్వరరావు అమెరికా వెళ్ళి గుండె ఆపరేషన్ చేయించుకున్నారు.

ఒక్క ఏడాది. తెలుగు సినిమా గొంతు, తెలుగు సినిమా గాంభీర్యం, తెలుగు సినిమా ప్రేమికుడు. ముగ్గురికీ గుండే. ఆ ఏడాది మనకు ఏ టీకా వేశారు? ఎవరు జిమ్ముకు వెళ్ళారు? పిజ్జా ఎవరు తిన్నారు, సెల్‌ఫోన్ ఎవరి జేబులో ఉంది? అక్కినేనికి పొట్ట ఉండేదా? బక్కపలచని మనిషి. ఆ తరం తిన్నది దంపుడు బియ్యమో, గానుగ నూనో, గేదె నెయ్యో, ఏదైతే నేడు తింటే చాలు గుండె పదిలమని యూట్యూబులో వైద్యం చెప్పేవాళ్ళు ఊదరగొడుతున్నారో అదే.

టీ బండాయన తాత గురించి ఒక మాట. తొంభై ఏళ్ళు బతికిన తాత ప్రతి ఇంటి కథలోనూ ఉంటాడు. నలభై ఎనిమిదికే పోయిన ఇంకో తాత ఉంటాడు, ఆయన ఫొటో మాత్రమే ఉంటుంది. కథ చెప్పడానికి ఆయన మిగల్లేదు. బతికినవాళ్ళనే లెక్కపెట్టి పాతకాలమంతా బతికిందనుకుంటున్నాం.

"సినిమావాళ్ళు కదండీ, రాత్రీ పగలూ పని, సిగరెట్లు, టెన్షను" అని సర్దిచెప్పేవాళ్ళుంటారు. సరే, ఊళ్ళకే పోదాం. ఎక్కడో కాదు, మన గోదావరి జిల్లాలకే. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరుల్లో 45 ఊళ్ళలో ఒక సర్వే జరిగింది. పేరు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్. దాదాపు లక్షా ఎనభై వేల జనాభా. ఏడాది పొడుగునా ఎవరు పోయినా ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి వెళ్ళి, ఎలా పోయారు, అంతకుముందు ఏమైంది అని ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకున్నారు. ఆ రాతల్ని డాక్టర్లు చదివి కారణం నిర్ధారించారు. 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతం.

పల్లెటూళ్ళలో మనుషులు కలరాతోనో పాముకాటుతోనో పోతారనుకున్నవాళ్ళందరి నోరు మూయించాల్సిన లెక్క అది. 2006లో అచ్చయింది. కొవిడ్ జబ్బు పుట్టడానికి పదమూడేళ్ళ ముందు. మన ఊళ్ళ గురించి, మన చావుల గురించి. ఫిల్మ్‌నగర్‌లో దాన్ని చదివినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. పత్రికల్లో పనిచేసిన నేను చదివిందీ రిటైరయ్యాకే, ఒప్పుకుంటాను.

ఇంకొంచెం పెద్ద అద్దం కావాలంటే ఇంటర్‌హార్ట్ ఉంది. 52 దేశాల్లో, మొదటిసారి గుండెపోటు వచ్చిన పదిహేను వేల మందిని, రాని పదిహేను వేల మందిని పక్కపక్కన పెట్టి చూశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. పొగ, బీపీ, చక్కెర, నెత్తుట్లో చెడు కొవ్వు, పొట్ట, మానసిక ఒత్తిడి, మద్యం, కూరలూ పళ్ళూ తినకపోవడం, ఒళ్ళు కదల్చకపోవడం: ఈ తొమ్మిదీ కలిస్తే గుండెపోట్లలో నూటికి తొంభైకి లెక్క తేలిపోతోంది. 2007లో అదే సమాచారంలో మన దక్షిణాసియా వాళ్ళను విడదీసి చూస్తే, మనకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా ప్రపంచానికి 59. ఆరేళ్ళ ముందు. ఘంటసాల పోయింది 51కి, అక్కినేని ఆపరేషన్ 50కి, రంగారావు పోయింది 56కి. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21 ఉదయం ఇంట్లో కూలిపోతే జూబ్లీహిల్స్ అపోలోకు తీసుకెళ్ళారు, ఆయనకూ 50. ఈ వయసులు చూసి దేశం నిర్ఘాంతపోయింది. ఇంటర్‌హార్ట్ చదివిన డాక్టరు మాత్రం నిట్టూర్చి ఉంటాడు.

ఇక సూదుల దగ్గరికి వద్దాం. "చనిపోయినవాళ్ళంతా టీకా వేయించుకున్నవాళ్ళే" అంటారు. నిజమే. వాళ్ళ పాడె మోసినవాళ్ళూ టీకా వేయించుకున్నవాళ్ళే. ఈ దేశంలో పెద్దవాళ్ళు నూటికి తొంభై మందికి పైగా వేయించుకున్నారు. కాకి వాలింది, తాటిపండు పడింది. మన తర్కశాస్త్రం ఎప్పుడో దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టి పక్కన పెట్టింది. అయితే ఇక్కడ ఇంకో తమాషా ఉంది: చెట్టు చెట్టుకూ కాకి వాలి ఉంది. అలాంటి తోటలో ఏ పండు పడినా కాకి పేరే చెప్పొచ్చు.

కాబట్టి చేయాల్సింది పడిన పళ్ళనూ పడని పళ్ళనూ పోల్చి చూడటం. భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, ఆ పనే చేసింది. 18 నుంచి 45 ఏళ్ళ మధ్య వయసులో, అప్పటిదాకా ఏ జబ్బూ బయటపడకుండా ఉన్నట్టుండి పోయిన 729 మందిని దేశమంతటా 47 పెద్దాసుపత్రుల ద్వారా గుర్తించారు. ఒక్కొక్కరికి అదే వయసు, అదే వాడకు చెందిన నలుగురు బతికున్నవాళ్ళను జతపెట్టారు. 2023లో ఫలితం వచ్చింది. టీకా వేయించుకున్నవాళ్ళలో ఆకస్మిక మరణం ఎక్కువ లేదు. రెండు డోసులు పడినవాళ్ళలో దాదాపు సగం తగ్గింది. మరి ఎక్కువ కనబడింది దేంతో? కరోనా ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్ళలో. ఇంట్లో అంతకుముందు ఎవరైనా ఇలాగే హఠాత్తుగా పోయినవాళ్ళలో. పోవడానికి ముందు 48 గంటల్లో పీకల్దాకా తాగినవాళ్ళలో, అదీ అయిదు రెట్లు. మత్తు పదార్థాలు వాడినవాళ్ళలో. ఒళ్ళు హూనమయ్యేలా కష్టపడినవాళ్ళలో.

ఆ అయిదు రెట్ల సంగతి ఎవరైనా మీకు వాట్సాప్‌లో పంపారా? నాకు పంపలేదు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో శనివారం రాత్రి రెండింటికి పబ్బుల నుంచి తూలుతూ వచ్చేవాళ్ళు కూడా, ఆదివారం లేచి సూది మీద పోస్టు పెడతారు.

ఆ అధ్యయనంలో లోపాలు లేవని నేననను. శవపరీక్షలు చేసింది కాదు, కుటుంబసభ్యుల్ని అడిగి రాసుకుందే. టీకాకు వరుసలో నిలబడ్డవాళ్ళు మొదట్నుంచీ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్ళే అయి ఉండొచ్చు. అందుకని టీకా ఆకస్మిక మరణాన్ని సగానికి తగ్గించిందని ఈ ఒక్క లెక్కతో నేను ప్రమాణం చేయను. టీకా చంపిందనే మాటకు మాత్రం ఇందులో చోటు లేదు.

"మరి ఆస్ట్రాజెనెకా కంపెనీయే కోర్టులో ఒప్పుకుందిగా?" ఇది 2024లో టీవీలన్నీ ఒకేసారి అరిచిన మాట. ఒప్పుకున్నది దేన్ని? ప్లేట్‌లెట్లు పడిపోతూ రక్తం గడ్డకట్టే ఒక అరుదైన జబ్బును. డోసు పడ్డ కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల లోపు వచ్చేది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఆ సంగతిని 2021 ఏప్రిల్‌లోనే బయటపెట్టింది. అది నిజమైన జబ్బు, దానివల్ల మనుషులు పోయారు, మాకు ముందే ఎందుకు సరిగా చెప్పలేదని అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. మన ప్రభుత్వాలు దుష్ఫలితాల లెక్కలను తలుపులు మూసుకుని చూసుకోవడమే ఈ పుకార్లకు సగం ఎరువు. ఫైజర్, మోడెర్నా టీకాలతో కుర్రవాళ్ళలో గుండె కండరం అరుదుగా వాస్తుందన్నదీ నిజమే, కాకపోతే ఇక్కడ దాదాపు అందరికీ పడినవి కొవిషీల్డ్ (ఆస్ట్రాజెనెకా టీకాకు ఇక్కడి పేరు), కొవాగ్జిన్. ఇవేవీ రెండేళ్ళ తర్వాత గుండె నాళాల్లో కొవ్వు పేర్చి చంపవు. ఆ కొవ్వు పేరుకోవడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. 2023లో ఆగిన గుండెకు 2003లో పునాది పడి ఉంటుంది.

"ఈ మధ్య పెరిగాయి కదా, కళ్ళతో చూస్తున్నాం" అంటారు. చూస్తున్నాం, సరిగ్గా అదే విషయం. నాగోల్‌లో షటిల్ కోర్టులో పాతికేళ్ళ కుర్రాడు కూలిపోతే కెమెరా చూసింది. పెళ్ళి బరాత్‌లో డ్యాన్సు చేస్తూ పడిపోతే పది ఫోన్లు చూశాయి. 1990లో అదే చావు అరుగు మీదో మడికట్టులోనో జరిగేది, చుట్టుపక్కల నాలుగిళ్ళకు తెలిసేది. చావుకు కారణం ఇదీ అని డాక్టరు రాసిచ్చే మరణాలు ఈ దేశంలో నాలుగో వంతు కూడా లేవు. పెరిగిందనడానికి పాత లెక్కే లేని చోట, పెరిగిందని ఒట్టేసే ధైర్యం ఎక్కడిది? కరోనా సోకినవాళ్ళలో తర్వాతి ఏడాది గుండె జబ్బులు ఎక్కువయ్యాయని ఇతర దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి కొంత పెరిగి ఉండొచ్చు కూడా. అప్పుడైనా నేరం వైరస్‌ది, దాన్ని ఆపడానికి వేసిన సూదిది కాదు.

భాషలోనే ఒక చిక్కుంది, దాన్ని చెప్పకుండా జిమ్ము సంగతికి వెళ్ళలేను. గుండెకు నెత్తురు తెచ్చే నాళం పూడుకుపోయి కండరం చచ్చిపోతే అది గుండెపోటు. గుండె కొట్టుకునే విద్యుత్తు లయ తప్పి పంపు ఆగిపోతే అది వేరు, డాక్టర్లు కార్డియాక్ అరెస్ట్ అంటారు. ఒకటి కుళాయిలో అడ్డం, ఇంకోటి ఫ్యూజు కొట్టేయడం. మొదటిదాని వల్ల రెండోది రావచ్చు, మొదటిది లేకుండానూ రావచ్చు. మన టీవీ స్క్రోలింగులకు రెండూ గుండెపోటే. నేను డెస్కు మీద ఉన్న రోజుల్లో నేనూ అలాగే రాశాను, హెడ్డింగులో పట్టే మాట అదే కదా. ఈ తేడా చెరిపేశాక, చిన్నవయసులో కూలిపోయేవాళ్ళ గుండె కండరంలో పుట్టుకతో లోపం ఉందేమో చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అదీ మన ముంగిట్లోనే దొరికిన విషయం. హబ్సిగూడలోని సీసీఎంబీలో తంగరాజ్ బృందం 2009లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక పరిశోధన ప్రకటించింది. గుండె కండరాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ జన్యువులో 25 అక్షరాల ముక్క ఊడిపోయిన మార్పు దక్షిణాసియా జనాభాలో నూటికి నలుగురిలో ఉందని, అది గుండె కండరాల జబ్బుతో ముడిపడి ఉందని. ఆ నలుగురిలో అందరూ జబ్బు పడరు. కానీ తరతరాలుగా మోసుకొస్తున్న ఆ సంగతి ఫిల్మ్‌నగర్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలో బయటపడినా, మనవాళ్ళకు మాత్రం మొన్న వచ్చిన సూదే కనబడుతుంది.

ఇక జిమ్ము.

ఇక్కడ ప్రత్యర్థికి ఒక మంచి ఆయుధం ఉంది: ఐసీఎంఆర్ లెక్కలో విపరీతమైన శ్రమకూ ఆకస్మిక మరణానికీ లంకె కనబడింది. దాచను. నిజానికి ఇదీ పాత సంగతే. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్ళను, ఆ గంటలో ఏం చేస్తున్నారని అడిగారు. ఒళ్ళు వంచే అలవాటే లేనివాడు ఒక్కసారి విపరీతంగా కష్టపడితే ఆ గంటలో ముప్పు వంద రెట్లు దాటింది. వారంలో అయిదు రోజులు వ్యాయామం చేసేవాడికి అదే గంటలో ముప్పు రెండున్నర రెట్ల లోపే. ఆ గంట పోను మిగతా ఇరవై మూడు గంటలూ వాడే సుఖంగా ఉంటాడు. అంటే వ్యాయామం మానడమే ఆ వంద రెట్ల ముప్పుకు తయారవడం. ఏడాదంతా సోఫాలో ఉండి, సినిమా ఒప్పుకున్న మర్నాడే ట్రైనర్‌ని పెట్టుకుని నెల రోజుల్లో ఒళ్ళు చెక్కేయాలనుకునేవాణ్ణి ఆపండి. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచే ఆవిణ్ణి భయపెట్టకండి.

అసలు మనం జిమ్ము అని దేన్ని అంటున్నాం? గుండె కోసం చేసే వ్యాయామాన్నా, కెమెరా కోసం చేసే ఒంటినా? 2007లో 'దేశముదురు', 2012లో 'పూలరంగడు' వచ్చాక సిక్స్‌ప్యాక్ ఇక్కడ నటనకు సమానమైన అర్హత అయిపోయింది. ఆ నటుల కష్టాన్ని నేను తక్కువ చేయను, వాళ్ళ పద్ధతుల మీద నాకే అనుమానమూ లేదు. ఆ తర్వాత కృష్ణానగర్ గదుల్లో ఏం జరిగిందో మాత్రం చూశాను. అవకాశం కోసం వచ్చిన కుర్రాళ్ళు, ఒక పూట తిండి మానేసి ఆ డబ్బుతో డబ్బాల్లో పొడి కొనేవాళ్ళు, షర్టు విప్పే షాట్ ఉందంటే ముందురోజు నుంచి ఉప్పూ నీళ్ళూ మానేసేవాళ్ళు, జిమ్ము అన్నయ్య ఇచ్చిన ఇంజెక్షన్ ఏమిటో అడగకుండా చేయి చాపేవాళ్ళు. సూది అంటే ఇంత భయపడే ఊళ్ళో ఆ సూది గురించి ఎవరూ మాట్లాడరు.

దాని మీద పరిశోధన ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. డెన్మార్క్‌లో జిమ్ముల్లో కండ పెంచే స్టెరాయిడ్లు వాడుతూ పట్టుబడ్డ 1,189 మంది మగవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. సాటి వయసువాళ్ళతో పోలిస్తే చనిపోయే ముప్పు దాదాపు మూడు రెట్లు అని 2024లో తేలింది. 2025లో ఇంకో అధ్యయనం: 2005 నుంచి 2020 దాకా పోటీల్లో దిగిన ఇరవై వేల మందికి పైగా బాడీబిల్డర్ల జాడ తీస్తే 121 మంది పోయారు, సగటు వయసు 45, వారిలో నూటికి 38 మందికి హఠాత్తుగా గుండె ఆగింది. వృత్తిగా చేసేవాళ్ళలో సరదాగా చేసేవాళ్ళకంటే ముప్పు అయిదు రెట్లకు పైనే. బరువులెత్తడం చంపలేదు. ఆ ఆకారం కోసం ఒంట్లోకి ఎక్కించినవీ, ఒంట్లోంచి పిండేసినవీ చంపుతున్నాయని పరిశోధకుల అనుమానం.

"అంత ఫిట్టుగా ఉన్నవాడికి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న పుట్టేది ఫిల్మ్‌నగర్ నేర్పిన చూపు నుంచే. కండ కనబడితే ఆరోగ్యం కనబడినట్టే అనుకుంటాం. పొత్తికడుపు మీద ఆరు పలకలు తేలితే లోపల నాళాలు కూడా తళతళ మెరుస్తుంటాయనుకుంటాం. లిపోప్రోటీన్-ఏ అని ఒక కొవ్వు ఉంది. ఎంత ఉండాలో దాదాపు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది, జిమ్ముకు లొంగదు, చియా గింజలకు లొంగదు. మనవాళ్ళలో ఇది ఎక్కువగా ఉన్నప్పుడు గుండెపోటు ముప్పు బాగా పెరుగుతుందని ఇంటర్‌హార్ట్ సమాచారమే 2019లో మళ్ళీ చెప్పింది. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, జీవితంలో ఒక్కసారైనా దాన్ని చూపించుకోమని, మొదటి కొలెస్ట్రాల్ పరీక్ష 18 ఏళ్ళకే చేయించమని ఉంది. పద్దెనిమిదికి. మన పిల్లల్ని ఆ వయసులో ఈఏపీసెట్ ర్యాంకు తప్ప ఇంకే అంకె అడగం.

"నెల కిందటే టీఎంటీ చేయించాడండీ, అంతా నార్మల్" అన్నది ఇంకో మాట. పాలు కాచి చల్లార్చిన గిన్నె చూశారా? పైన పల్చటి మీగడ పొర, కింద పాలు కదలకుండా. గుండె నాళం గోడలో కొవ్వు అలాగే పల్చటి పొర కింద ఉంటుంది. నాళం నూటికి నలభై వంతులే మూసుకుని ఉండొచ్చు. ట్రెడ్‌మిల్ మీద ఎంత పరుగెత్తించినా నెత్తురు సాఫీగా పోతుంది, గీత తిన్నగానే వస్తుంది. ఒకరోజు ఆ మీగడ చిట్లుతుంది. చిట్లినచోట నిమిషాల్లో నెత్తురు గడ్డకట్టి నాళం మొత్తం మూసుకుంటుంది. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు, దాన్ని అడిగిన ప్రశ్న వేరు. పొర ఎప్పుడు చిట్లుతుందో చెప్పమని మనం ట్రెడ్‌మిల్‌ని అడుగుతున్నాం.

నా మిత్రుడొకాయన, ప్రొడక్షన్ మేనేజరు, ఒక రాత్రి షూటింగులో ఛాతీ పట్టుకున్నాడు. చెమటలు. ఎడమ దవడ లాగుతోందన్నాడు. "గ్యాస్ అన్నా, బిర్యానీ పడలేదు, సోడా తెప్పించు" అన్నాడు. సోడా వచ్చింది. ఈనో వచ్చింది. ఎవరో వాము నలిపి ఇచ్చారు. కాల్షీట్ అయిపోతుందని దర్శకుడు తొందరపడుతున్నాడు. రెండు గంటలు గడిచాక కారెక్కించాం. దగ్గర్లోనే ఎన్ని కార్పొరేట్ ఆసుపత్రులు! పది నిమిషాల దూరం. బతికాడు గానీ గుండె సగమే పనిచేస్తోంది, మెట్లెక్కలేడు. తెలుగువాడి ఛాతీలో ఏ నొప్పి వచ్చినా దాని పేరు గ్యాస్. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇప్పుడు ఆంధ్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది. మేం ఆ రెండు గంటలూ సోడాకు ఇచ్చాం. ఆ మిత్రుడు మంచాన పడుకుని నాతో ఏమన్నాడో తెలుసా? "రెండో డోసు వేయించుకోకుండా ఉండాల్సింది." ముప్పై ఏళ్ళుగా రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు. వాళ్ళ నాన్న యాభై రెండుకు, బాబాయి నలభై తొమ్మిదికి.

టీకా మాట ఎందుకంత తీపిగా ఉంటుందో అప్పుడర్థమైంది. దాన్ని నమ్మితే సిగరెట్టు మానక్కర్లేదు.

ఫిల్మ్‌నగర్‌కు ఏదీ చేతకాదని కాదు. చిరంజీవి బ్లడ్ బ్యాంకు 1998 అక్టోబర్ 2న మొదలైంది. అభిమాన హీరో కోసం చెయ్యి చాచి రక్తం ఇవ్వడం అన్నది ఊరూరా కుర్రాళ్ళకు అలవాటు చేసింది అదే. రక్తం తీసే ముందు బీపీ చూస్తారు. అంటే తెలుగు కుర్రాళ్ళలో చాలామందికి జీవితంలో మొదటిసారి బీపీ చూసింది ఏ డాక్టరూ కాదు, ఒక హీరో పుట్టినరోజు. అక్కినేని సంగతీ చూడండి. గుండె కోయించుకుని వచ్చి ఇంట్లో కూర్చోలేదు, 1976 జనవరికల్లా అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు, 1981లో 'ప్రేమాభిషేకం' చేశారు, తొంభైకి దగ్గర పడ్డాక 2014లో పోయారు, అదీ క్యాన్సర్‌తో. నలభై ఏళ్ళు. జబ్బుకు పేరు పెట్టి, కోయించుకుని, తర్వాత తిండీ నడకా పద్ధతిలో పెట్టుకున్న మనిషికి దొరికిన నలభై ఏళ్ళు. ఆయన శతజయంతికి విగ్రహాలు పెట్టాం, సినిమాలు మళ్ళీ వేశాం. ఈ కథ మాత్రం ఎవరూ చెప్పలేదు.

టీవీల్లో గుండెపోటు చర్చకు పిలిచే మొహాలు ఎప్పుడూ జూబ్లీహిల్స్‌వే. కొండ దిగి రోడ్డు దాటితే కృష్ణానగర్. తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కడ నిలబడితే పరిశ్రమ అసలు ఒళ్ళు కనబడుతుంది: జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్‌లు, డ్రైవర్లు. యూనిట్ వ్యాన్ కోసం నిలబడి, ఖాళీ కడుపున టీ, బీడీ, కొందరికి గుట్కా. పొద్దున మొదలైతే ఎప్పుడు వదులుతారో తెలియని డ్యూటీ. వీళ్ళలో ఒకడు పోతే ఫిల్మ్ ఛాంబర్ ముందు జనం చేరరు. యూనియన్‌వాళ్ళు చందాలు వేసుకుని ఊరికి అంబులెన్స్ మాట్లాడతారు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కకుండా, షాకివ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తరిగిపోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ నేర్పడం మొదలుపెట్టింది, మంచిదే. నేను తిరిగిన సెట్లలో కోటి రూపాయల కెమెరాలు చూశాను, జిమ్మీ జిబ్‌లు చూశాను, కారవాన్‌లో పూజగది చూశాను. షాకిచ్చే పెట్టె ఒక్కచోటా చూడలేదు.

మొన్న చలికాలంలో అలా నిలబడి ఉండగా ఒక లైట్‌మన్ పలకరించాడు, పాత పరిచయం, అమలాపురం దగ్గరివాడు. నలభై నాలుగేళ్ళు. చేతిలో బీడీ. మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నాడు. నాన్నగారున్నారా అని అడిగాను.

"లేరండి. నాకు పదహారేళ్ళప్పుడే పోయేరండి, నలభై ఆరుకి. పొలం నుంచొచ్చి పడుకున్నోరు లేవలేదండి. పుణ్యాత్ముడి చావన్నారండి అందరూ."

పుణ్యం కాదు, అది గుండె అయి ఉంటుంది, ఒక్కసారి బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకో, నేను తీసుకెళ్తాను అన్నాను. నవ్వాడు. వ్యాన్ హారన్ కొట్టింది. బీడీ కింద పడేసి, చెప్పుతో నలిపి, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"నాకేటవుద్దండి? నేనసలు జిమ్ముకే ఎల్లనండి."